ముందు పేరు వెతకాలి: విశాఖలో స్త్రీల వ్యాసాల కోసం ఎడిటథాన్ నిర్వహించడం ఎలా

విశాఖపట్నంలో ఏవీఎన్ కాలేజీ డౌన్ అంటే ఆటో ఎక్కినవారికీ, ఎక్కించుకున్నవారికీ కూడా మరో గుర్తు చెప్పనక్కర్లేదు. సి.వి. రామన్ బాల్యంలో చదువుకున్న, ఆయన తండ్రి పాఠాలు చెప్పిన కళాశాల అది. అయితే కళాశాల పేరును పూర్తిగా చదివితే దాని ముందు ‘మిసెస్’ అన్న మాట ఉంటుంది. ఏ.వి.ఎన్. అంటే అంకితం వెంకట నర్సింగరావు కాబట్టి ఆ ‘మిసెస్’ ఆయన భార్య అన్నమాట. ఒక స్త్రీని తలచుకుంటూ పెట్టిన పేరులో ఆ స్త్రీ సొంత పేరు మాత్రం లేదు. తెలుగు వికీపీడియాలో స్త్రీల గురించిన వ్యాసాలను మెరుగుపరచాలని మా దగ్గరికి కొత్తగా వచ్చేవారికి నేను అప్పగించే మొదటి పని ఇదే: ఆమె పేరేమిటో ఏదైనా అచ్చు పుస్తకంలోనో పత్రికలోనో పట్టుకుని, ఆ పుస్తకం పేరు, ప్రచురణ సంవత్సరం, పుట సంఖ్యతో సహా కాగితం మీద రాసుకుని రావాలి. ఫోనులో వెతికి పది నిమిషాల్లో జవాబు తెచ్చేవారిని, ‘ఆ వెబ్‌సైటుకు ఆ సంగతి ఎవరు చెప్పారు?’ అని అడిగి మళ్లీ పంపుతాను. ఈ ఒక్క పనితో ఎడిటథాన్‌లో చేయవలసినదంతా వారికి ముందే అర్థమవుతుంది. రాయడానికి పట్టే సమయం తక్కువ, పేరునూ ఆధారాన్నీ వెతకడానికి పట్టే సమయం ఎక్కువ.

ఎడిటథాన్ అంటే కొందరు ఒకచోట కూర్చుని, ఒక అంశానికి చెందిన వికీపీడియా వ్యాసాలను ఒకరికొకరు సాయపడుతూ రాసి, దిద్దే కార్యక్రమం. తెలుగు వికీపీడియాలో, అందరూ ముద్దుగా పిలుచుకునే తెవికీలో, ప్రతి మార్పునూ ‘దిద్దుబాటు’ అంటారు. ఉత్తరాంధ్రలో పెరిగినవారికి ఆ మాట వినగానే గురజాడ 1910 నాటి కథ గుర్తుకు రాక మానదు. ఆ కథలో దిద్దింది భార్య, దిద్దుకున్నది భర్త. మా సమావేశాల్లో ఈ మాట ఎవరో ఒకరు అనకుండా ఉండరు కాబట్టి ముందుగా నేనే చెప్పేస్తున్నాను.

లోటు ఎక్కడుంది

ఆంగ్ల వికీపీడియాలో 2015లో ‘విమెన్ ఇన్ రెడ్’ అనే ప్రాజెక్టు మొదలయ్యేనాటికి అక్కడి జీవిత చరిత్రల్లో స్త్రీలవి 15 శాతం పైచిలుకు మాత్రమే. ఇన్నేళ్ల శ్రమ తరవాత అది దాదాపు 20 శాతానికి చేరింది. ఇంకా వ్యాసం లేని పేరుకు వికీలో లింకు ఇస్తే అది ఎర్రగా కనిపిస్తుంది కనుక ప్రాజెక్టుకు ఆ పేరు వచ్చింది. ఆ ఎరుపును నీలంగా మార్చడమే వారి పని. 2018 అక్టోబరులో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని ప్రకటించిన రోజు వరకు, ఆ బహుమతి పొందినవారిలో ఒకరైన డోనా స్ట్రిక్‌లాండ్‌కు ఆంగ్ల వికీపీడియాలో వ్యాసమే లేదు. అంతకు కొన్ని నెలల ముందు, మే నెలలో, ఆమె గురించి ఒకరు పంపిన చిత్తుప్రతిని స్వతంత్ర మూలాలు చాలలేదన్న కారణంతో తిరస్కరించారు. ఈ సంఘటనను చాలామంది వివక్షకు ఉదాహరణగా చెబుతారు, అందులో తప్పు లేదు. కాని ఎడిటథాన్ నిర్వహించేవారికి ఇందులో మరో పాఠం ఉంది: వ్యాసం నిలబడేది రచయిత ఉత్సాహం మీద కాదు, దాని కింద చూపిన మూలాల మీద.

తెవికీ 2003 డిసెంబరులో మొదలైంది. తెలుగులో విజ్ఞాన సర్వస్వం ఆలోచన మాత్రం దానికంటే చాలా పాతది. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావుకు అక్క భండారు అచ్చమాంబ. ఆమె 1874లో పుట్టి 1905లో, ముప్పయ్యొకటో ఏటనే మరణించింది. ఆ కొద్దికాలంలోనే స్త్రీల జీవిత చరిత్రలను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను తెలుగులో రాసింది. తమ్ముడు విజ్ఞాన సర్వస్వానికి పూనుకోవడానికి ముందే అక్క స్త్రీల చరిత్రలకు పూనుకున్నది. మనం ఇప్పుడు చేస్తున్నది ఆ రెండు పనులనూ ఒకచోట కలపడం.

రెండు వారాల ముందు: పేర్లు, వాటి రూపాలు

ఎడిటథాన్ తేదీ ఖరారైన రోజే పేర్ల పట్టికను మొదలుపెట్టాలి. పట్టికను గాలిలోంచి తయారుచేయకూడదు. పురస్కారాల జాబితాలు, క్రీడా సమాఖ్యల ఫలితాలు, చట్టసభల సభ్యుల జాబితాలు, విశ్వవిద్యాలయ ప్రచురణలు మంచి ఆకరాలు. కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న తెలుగు రచయిత్రులను వరుసగా చూస్తే 1982లో ఇల్లిందల సరస్వతీదేవి, 1992లో మాలతీ చందూర్, 2005లో అబ్బూరి ఛాయాదేవి, 2015లో ఓల్గా కనిపిస్తారు. అంతకు ముందరి తరం కావాలంటే 1934లో కనుపర్తి వరలక్ష్మమ్మతో మొదలైన గృహలక్ష్మి స్వర్ణకంకణ గ్రహీతల జాబితాను పట్టుకోవాలి. వీరిలో చాలామందికి ఇప్పటికే వ్యాసాలు ఉండవచ్చు. అలాంటప్పుడు ఆ వ్యాసం ఎంత ఉంది, దానికి మూలాలున్నాయా, మొలక (రెండు మూడు వాక్యాల చిన్న వ్యాసం) దగ్గరే ఆగిపోయిందా అన్నది పట్టికలో పక్కనే రాసుకోవాలి. ఉన్న మొలకకు మూడు మంచి పేరాలు చేర్చడం కొత్త మొలకను నాటడంకంటే ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం. కాని కొత్త వ్యాసాల సంఖ్య చూపించాలన్న తాపత్రయంలో ఈ సంగతి తరచు మరుగున పడుతుంది.

వికీపీడియాకు అనుబంధంగా ఉన్న సమాచార నిధి వికీడేటా తెలిసినవారు బృందంలో ఒక్కరున్నా పని సులువవుతుంది. లింగం అనే లక్షణానికి పీ21, జన్మస్థలానికి పీ19, వృత్తికి పీ106 అని అక్కడ సంకేతాలున్నాయి. వాటితో విశాఖపట్నంలో పుట్టి, మరో భాషలో వ్యాసం ఉండి, తెలుగులో లేని స్త్రీల పేర్లను ఒక్క ప్రశ్నతో తెప్పించుకోవచ్చు. అయితే వికీడేటాలో లేనివారు ఆ జాబితాలోకి రారు. మనకు ముఖ్యంగా కావలసినది వారే.

స్త్రీల విషయంలో అసలు చిక్కు పేర్ల రూపాలతోనే వస్తుంది. పుట్టింటి పేరు, అత్తింటి పేరు, కలం పేరు, పొడి అక్షరాలు, ‘శ్రీమతి’ అని మొదలై భర్త పేరుతో ముగిసే పేరు, ఇవన్నీ ఒకే మనిషివి కావచ్చు. రాజ్యాంగ సభ చర్చల పత్రాల్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అని వెతికితే ఆమె దొరకదు, ఎందుకంటే అప్పటికి ఆమె జి. దుర్గాబాయి. సి.డి. దేశ్‌ముఖ్‌తో వివాహం 1953లో జరిగింది. ఓల్గా అసలు పేరు పోపూరి లలితకుమారి. బీనాదేవి ఒక స్త్రీ పేరనుకుని వ్యాసం మొదలుపెట్టేవారు, అది భార్యాభర్తలు త్రిపురసుందరమ్మ, నరసింగరావు కలిసి వాడిన కలం పేరన్న సంగతి తెలుసుకోకపోతే మొదటి వాక్యంలోనే పొరపాటు చేస్తారు. విజయనగరంలో పుట్టిన గాయని పి. సుశీలకు పులపాక సుశీల అన్న రూపమూ ఉంది. పొడి అక్షరం తరవాత ఖాళీ వదిలినా, వదలకపోయినా వెతుకులాటలో వేరువేరు ఫలితాలు రావచ్చు. విశాఖకు చెందిన హర్డిల్స్ క్రీడాకారిణి జ్యోతి యర్రాజి పేరును అంతర్జాతీయ ఫలితాల్లో ఇంటిపేరు చివర పెట్టి రాస్తారు, మన పత్రికలు కొన్ని ముందు పెడతాయి, ఇంటిపేరు వర్ణక్రమం కూడా ఒక్కో పత్రికలో ఒక్కోలా ఉంటుంది. కాబట్టి పట్టికలో ప్రతి పేరుకూ ఒక గడి చాలదు. దొరికిన రూపాలన్నింటినీ రాసి, వ్యాసం తయారయ్యాక మిగతా రూపాల నుంచి దారిమార్పు పేజీలు, అంటే ఆ పేరుతో వెతికినవారిని అసలు వ్యాసానికి చేర్చే పేజీలు, సృష్టించాలి. రెండు నిమిషాల పని అయినా, చదువరి వ్యాసాన్ని కనుక్కోగలగడం చాలాసార్లు దాని మీదనే ఆధారపడుతుంది.

ఊరి పేరు విషయంలోనూ ఒక జాగ్రత్త కావాలి. విశాఖపట్నం, విశాఖపట్టణం, వైజాగ్, వాల్తేరు అన్న రూపాలన్నింటితోనూ వెతకాలి. కాని విశాఖ అని కనిపించిన ప్రతిదీ మనది కాదు. పని చేసేచోట లైంగిక వేధింపులపై 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రసిద్ధమైన విశాఖ తీర్పుకూ మన ఊరికీ సంబంధం లేదు. ఆ వ్యాజ్యం రాజస్థాన్‌కు చెందినది, విశాఖ అన్నది దాన్ని వేసిన సంస్థ పేరు. ఒక ఉత్సాహవంతురాలు ఆ తీర్పు వ్యాసాన్ని విశాఖపట్నం వర్గంలో చేర్చబోతుంటే ఆపవలసివచ్చింది. ఒకే పేరున్న వేరువేరు విషయాలను విడదీసి చూపే అయోమయ నివృత్తి పేజీలు ఎందుకుంటాయో ఆ రోజు బోర్డు మీద రాయకుండానే అందరికీ అర్థమైంది.

మూలాల వేట

పేర్ల పట్టిక చేతికొచ్చాక బృందాన్ని ఇద్దరిద్దరుగా విడదీసి గ్రంథాలయాలకు పంపాలి. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం మనకు అందుబాటులో ఉన్నవి. విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి బయటివారు వెళ్లేముందు అనుమతి గురించి కనుక్కుని, అవసరమైతే ఉత్తరం తీసుకువెళ్లడం మంచిది. ఉదయాన్నే ఆరుగురిని వెంటబెట్టుకుని వెళ్లి గుమ్మం దగ్గర బతిమాలుకోవలసిన అవస్థ తప్పుతుంది. పుస్తకం దొరికితే ముఖపత్రం, ప్రచురణ వివరాలున్న పుట, కావలసిన పుట, ఈ మూడింటినీ ఫొటో తీసుకోవాలి. చాలామంది మూడోదాన్ని మాత్రమే తీసుకుని ఇంటికి వస్తారు, తరవాత అది ఏ పుస్తకమో గుర్తుండదు.

ఇంట్లో కూర్చుని వెతకదలచినవారికి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు వేల సంఖ్యలో ఉన్నాయి. తెలుగు వికీసోర్స్‌లో కాపీహక్కుల గడువు తీరిన పుస్తకాలు పాఠ్యరూపంలో దొరుకుతాయి. స్కాన్ చేసిన పుటల్లోని మాటలు శోధన యంత్రాలకు చిక్కకపోవచ్చు కాబట్టి విషయసూచిక తెరిచి కంటితోనే చూసుకోవాలి. అను వంటి పాత ఫాంట్లలో కూర్చిన పీడీఎఫ్ నుంచి కాపీ చేసి అతికిస్తే తెలుగు స్థానంలో అర్థంలేని గుర్తులు వస్తాయి. అది మీ కంప్యూటరు లోపం కాదు, ఆ ఫాంటు యూనికోడ్‌ది కాకపోవడం. అలాంటి చోట చదివి, సొంత మాటల్లో టైపు చేయడమే మార్గం. ఎలాగూ చేయవలసినది అదే.

దినపత్రికల వెబ్‌సైట్ల లింకులు ఎక్కువ కాలం నిలవవు. ఈ రోజు తెరుచుకున్న పేజీ రెండేళ్ల తరవాత ఉండకపోవచ్చు. మూలంగా ఇచ్చే ప్రతి లింకునూ అదే రోజు వెబ్ పేజీల నకళ్లను దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరిచి, ఆ భద్రపరిచిన చిరునామాను కూడా మూలంలో చేర్చాలి.

ఎవరి గురించి రాయాలి, ఎవరి గురించి వద్దు

వికీలో విషయ ప్రాముఖ్యత అంటే ఆ మనిషి గొప్పతనం కాదు. ఆమెతో సంబంధం లేని నమ్మదగిన రచనలు ఆమె గురించి చెప్పుకోదగినంత వివరంగా రాశాయా లేదా అన్నదే అక్కడ కొలత. రెండు మూడు స్వతంత్ర మూలాలు దొరకనిదే వ్యాసం మొదలుపెట్టవద్దని నేను కచ్చితంగా చెబుతాను. సన్మాన పత్రాలు, సొంత వెబ్‌సైట్లు, ఫేస్‌బుక్ పోస్టులు, సభ జరిగిందని రెండు వాక్యాల్లో చెప్పే వార్తలు లెక్కలోకి రావు. మా అమ్మమ్మ ఊరి బడిలో నలభై ఏళ్లు పాఠాలు చెప్పింది, ఆమె మీద రాస్తానని ఒకమ్మాయి కళ్లనిండా ఆశతో అడిగినప్పుడు కాదనడం కష్టమే. అయినా కాదనాలి. ఆ వ్యాసం వారంలో తొలగింపు చర్చకు వెళ్తుంది, అమ్మమ్మ పేరు పక్కన ‘ప్రాముఖ్యత లేదు’ అన్న మాట పడుతుంది, అమ్మాయి మళ్లీ వికీ వైపు రాదు. తన గురించీ, తన వాళ్ల గురించీ, తన పైఅధికారి గురించీ రాయకూడదన్న నియమం కూడా ఇక్కడే చెప్పేయాలి. ఆ అమ్మాయికి మేము ఆ ఊరి వ్యాసంలో విద్యా సౌకర్యాల విభాగాన్ని సరైన మూలాలతో దిద్దే పని ఇచ్చాం.

స్త్రీల గురించి రాయడమంటే జీవిత చరిత్రలే కానక్కర్లేదు. ఘోషాసుపత్రి అని ఊరంతా పిలిచే ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రి, అరకు లోయలో గిరిజన స్త్రీలు చేయీ చేయీ పట్టుకుని ఆడే ధింసా నృత్యం, చేపల రేవులో స్త్రీలు చేసే వ్యాపారం, పాత మహిళా పత్రికలు, ఇవన్నీ ఈ పట్టికలోకి రావలసినవే. ఒక్కో వ్యక్తి గురించి మూలాలు దొరకనప్పుడు ఇవి మంచి దారి.

జీవించి ఉన్నవారి విషయంలో ఇంటి చిరునామా, పిల్లల పేర్లు, ఆరోగ్యం, ఆధారం లేని వివాదాలు వ్యాసంలోకి రాకూడదు. కులం ప్రస్తావన మీద చర్చ పేజీల్లో రోజుల తరబడి వాదనలు నడుస్తాయి. ఆ వ్యక్తి కృషికి అది నేరుగా సంబంధించినదై, మూలం కూడా ఆ సంబంధాన్ని చెప్పినప్పుడు తప్ప దాని జోలికి పోవద్దు.

సమావేశం రోజు

పన్నెండు మంది చాలు, వారిలో ముగ్గురు నలుగురికి వికీ అలవాటుండాలి. యాభై మందిని పోగేసిన సభలో ఫొటోలు బాగా వస్తాయి, వ్యాసాలు రావు. చోటు ఆర్టీసీ కాంప్లెక్సుకు దగ్గరగా ఉంటే గాజువాక, మధురవాడ, అనకాపల్లి వైపు నుంచి వచ్చేవారికి అనువుగా ఉంటుంది. సాయంత్రం నాలుగింటికల్లా ముగించాలి. చీకటిపడ్డాక ఇంటికి చేరవలసివస్తే వచ్చే నెల ఆ ఆడపిల్లలను ఇంట్లో పంపరు. మరుగుదొడ్డి శుభ్రంగా ఉందో లేదో వేదికను ఒప్పుకోకముందే వెళ్లి చూడాలి. ఇది రాయవలసిన సంగతేనా అనిపించవచ్చు. చూసుకోనందువల్ల మధ్యాహ్నానికే సగం మంది వెళ్లిపోయిన రోజు నాకు గుర్తుంది.

ఖాతాల సంగతి మరింత ముఖ్యం. ఒక కళాశాలలో మా మొదటి సమావేశంలో అందరినీ అక్కడే ఖాతాలు తెరవమన్నాం. ఆరుగురివి చకచకా అయిపోయాయి. ఏడో అమ్మాయికి తిరస్కరణ సందేశం వచ్చింది, ఎనిమిదో అమ్మాయికీ అదే. ఒకే ఇంటర్నెట్ చిరునామా నుంచి 24 గంటల్లో 6 ఖాతాలకు మించి తెరవనివ్వదన్న నిబంధన వికీలో ఉందని, కళాశాల వైఫై అంతా ఒకే చిరునామాగా కనిపిస్తుందని మాకు అప్పటికి తెలియదు. గంటన్నర దానికే పోయింది. చివరికి మిగతావారు తమ ఫోన్ల డేటాతో ఖాతాలు తెరిచారు. ఇప్పుడు మేము వారం ముందే ఇంటి దగ్గర ఖాతా తెరిచి, రెండు మూడు అక్షరదోషాలైనా దిద్ది రమ్మంటున్నాం. పెద్ద సమావేశమైతే ఆ పరిమితిని సడలించమని ముందుగా కోరవచ్చు, లేదా వికీ నిర్వాహకుల చేత ఖాతాలు తెరిపించవచ్చు. వాడుకరి పేరుగా అసలు పేరు పెట్టుకోవలసిన అవసరం లేదని అమ్మాయిలకు విడిగా, స్పష్టంగా చెప్పాలి. ఫోను నంబరులోని అంకెలు, పుట్టిన సంవత్సరం, కళాశాల పేరు అందులో ఉండకూడదు. వికీలో చేసిన ప్రతి మార్పూ ఆ పేరుతో అందరికీ ఎప్పటికీ కనిపిస్తుంది.

టైపింగు రాదని భయపడేవారుంటారు. వికీలోనే తెలుగు లిప్యంతరీకరణ (ఆంగ్ల అక్షరాలతో తెలుగు రాయడం), ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డు) పద్ధతులున్నాయి. కంట్రోల్, ఎమ్ మీటలను కలిపి నొక్కితే తెలుగుకూ ఆంగ్లానికీ మధ్య మారవచ్చు. ఫోనులో అలవాటున్నవారు ఫోనులోనే రాయవచ్చు, పొడవైన పేరాలను మాట్లాడి టైపు చేయించుకుని తరవాత దిద్దుకోవచ్చు. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, ఒకరు మూలాన్ని చదువుతుంటే మరొకరు రాసేలా చేస్తే తప్పులు తగ్గుతాయి, మాటామంతీ కూడా ఉంటుంది. ఒకే వ్యాసాన్ని ఇద్దరు ఒకేసారి దిద్దితే ఇద్దరి మార్పులూ ఢీకొని దిద్దుబాటు ఘర్షణ వస్తుంది. కాబట్టి ఎవరు ఏ వ్యాసం మీద ఉన్నారో గోడ మీద కాగితంలో రాసి పెట్టాలి, వ్యాసంలో ‘నిర్మాణంలో ఉంది’ అన్న మూస (ముందే తయారుగా ఉన్న సూచన పెట్టె) ఉంచాలి. కొత్తవారు ముందుగా తమ ప్రయోగశాలలో, అంటే ప్రతి వాడుకరికీ ఉండే చిత్తు పేజీలో, రాసి, అనుభవజ్ఞులు చూశాక వ్యాసాలుండే ప్రధాన పేరుబరిలోకి తేవడం మేలు.

వాక్యం దగ్గర

తెవికీలో వ్యక్తుల గురించి ఏకవచనంలో రాయడం రివాజు: అతను రాశాడు, ఆమె రాసింది. దీని దగ్గరే కొత్తవారందరూ ఒకసారి ఆగుతారు. తెలుగులో స్త్రీకి ఏకవచన క్రియ అమహత్తుతో, అంటే వస్తువులకూ జంతువులకూ వాడే రూపంతో, కలిసిపోతుంది. ఆమె వచ్చింది, బస్సు వచ్చింది. పెద్దావిడ గురించి అలా రాయడానికి చెయ్యి రాదని ఒకరు నాతో గంటసేపు వాదించారు. వాదనలో బలం లేకపోలేదు, వాడుక భాషలో మన అమ్మల గురించి మనం అలా మాట్లాడం. అయినా విజ్ఞాన సర్వస్వానికి అందరూ ఒకే దూరంలో ఉండాలి కాబట్టి నేను రివాజు పక్షమే. అంతకంటే పెద్ద తప్పు ఒకే వ్యాసంలో భర్తకు ‘చేశారు’, భార్యకు ‘చేసింది’ అని రాయడం. ఇది చాలా వ్యాసాల్లో ఉంది. ఎడిటథాన్‌లో మొదటి గంట ఈ అసమానతను వెతికి సరిచేయడానికే కేటాయించినా వృథా కాదు. కొత్తవారికి దిద్దుబాటు అలవాటు కావడానికి ఇంతకంటే సులువైన పని లేదు.

తరవాతది విశేషణాల సంగతి. సన్మాన సభల భాష మన వేళ్ల కొసల్లో ఉంటుంది. ‘తెలుగుజాతి గర్వించదగ్గ ముద్దుబిడ్డ, అలుపెరుగని పోరాట యోధురాలు, క్రీడామతల్లి కంఠహారంలో మేలిమి ముత్యం కరణం మల్లీశ్వరి’ అని ఒకరు మొదలుపెట్టారు. అందులో ఆమె గురించి తెలిసినది ఏమీ లేదు. దాన్ని తీసేసి ఇలా రాశాం: ‘కరణం మల్లీశ్వరి భారతీయ వెయిట్‌లిఫ్టింగ్ క్రీడాకారిణి. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన ఆమె 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె.’ రెండోదానిలో పొగడ్త ఒక్కటీ లేదు, చదివినవారికి గౌరవం మాత్రం దీనివల్లనే కలుగుతుంది.

‘తొలి’ అన్న మాటకు ఎప్పుడూ గట్టి మూలం ఉండాలి. తొలి తెలుగు కథ గురజాడ ‘దిద్దుబాటు’ అన్న మాటను ఎంతోకాలంగా వింటున్నాం. అచ్చమాంబ 1902లో రాసిన ‘ధనత్రయోదశి’ వంటివి అంతకు ముందువని చూపినవారున్నారు. వికీలో ఈ తగాదాను మనం తీర్చకూడదు. ఎవరు ఏమన్నారో పేరుతో, మూలంతో చెప్పి ఊరుకోవాలి. అలాగే ‘భర్త ప్రోత్సాహంతో’, ‘కుటుంబ బాధ్యతలు నిర్వర్తిస్తూనే’ అన్న మాటలు వచ్చినప్పుడు, అదే వాక్యాన్ని ఒక పురుషుడి వ్యాసంలో రాస్తామా అని ఆలోచించాలి. రాయమనుకుంటే తీసేయాలి. ఆమె తండ్రి, భర్త ఎవరో వ్యక్తిగత జీవితం విభాగంలో చెప్పవచ్చు, వ్యాసం మొదట్లోని ప్రవేశికలో ఉండవలసినది ఆమె చేసిన పని.

అనువాదం, కాపీ, ఫొటో

వికీలోని అనువాద పరికరం మంచిదే, కాని యంత్రం ఇచ్చిన వాక్యాన్ని అలాగే ప్రచురించడం మంచిది కాదు. గూగుల్ అనువాద వ్యాసాలు తెవికీలో మిగిల్చిన కృతక వాక్యాలను శుద్ధి చేయడానికి పాత వాడుకరులు ఎంత శ్రమపడ్డారో వారినడిగితే చెబుతారు. వాక్యాన్ని బయటికి చదివించండి. చదివేవారు మధ్యలో తడబడితే మళ్లీ రాయాలి.

పత్రిక నుంచి పేరాలు ఎత్తి పెడితే ఆ వ్యాసాన్ని తొలగిస్తారు. మన దేశంలో రచయిత మరణించిన తరవాత 60 ఏళ్ల వరకు కాపీహక్కు ఉంటుంది. అచ్చమాంబ రచనల వంటివి ఆ గడువును ఎప్పుడో దాటాయి కనుక వాటిని స్వేచ్ఛగా వాడుకోవచ్చు, అయినా వాటి పొగడ్త ధోరణిని మాత్రం తెచ్చుకోకూడదు. మనం ‘ప్రచురించు’ నొక్కిన ప్రతిదీ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద అందరిదీ అవుతుంది. ఫొటో విషయంలో హక్కు సాధారణంగా తీసినవారిది, అందులో ఉన్నవారిది కాదు. రచయిత్రి స్వయంగా వాట్సాప్‌లో పంపిన స్టూడియో ఫొటోనైనా హక్కున్నవారి అనుమతి లేకుండా వికీ ఫొటోల భాండారమైన కామన్స్‌లోకి ఎక్కించకూడదు. సభల్లో మనమే తీసి ఎక్కించడం ఉత్తమం. బీచి రోడ్డులో సాహిత్య సభ జరిగినప్పుడల్లా కెమెరాతో ఒకరు వెళ్లి, తరవాత మూరీ మిక్స్చర్ తిని వచ్చే ఏర్పాటు మా బృందంలో ఉంది.

వ్యాసం పూర్తయ్యాక సమాచార పెట్టె (ముఖ్య వివరాల పట్టిక), వర్గాలు, వికీడేటా లింకు చేర్చాలి. అన్నింటికంటే ముఖ్యంగా, ఆమె పేరు రావలసిన ఇతర వ్యాసాల్లోంచి లింకులివ్వాలి. ఊరి వ్యాసంలో ప్రముఖుల విభాగం, చదివిన కళాశాల, అందుకున్న పురస్కారం, కనీసం ఈ మూడింటి నుంచి. లింకులు లేని అనాథ వ్యాసం ఉన్నా లేనట్లే.

తరవాతి మూడు నెలలు

ఆ రోజు రాసిన వ్యాసాలన్నింటినీ బృందంలో కనీసం ఇద్దరు తమ వీక్షణ జాబితాలో (ఎంచుకున్న వ్యాసాల్లో జరిగే మార్పులను చూపే జాబితా) చేర్చుకోవాలి. ఎవరైనా ప్రాముఖ్యతను ప్రశ్నిస్తే కోపం తెచ్చుకోకుండా చర్చ పేజీలో మూలాలతో జవాబివ్వాలి. అందరూ కలిసి వెళ్లి ‘ఉంచాలి, ఉంచాలి’ అని ఓట్లు వేస్తే పని చెడుతుంది, అక్కడ నెగ్గేది సంఖ్య కాదు. కొత్త వాడుకరిని ఎవరైనా కటువుగా మందలిస్తే ఆమె తరఫున ఒక పాత వాడుకరి మర్యాదగా మాట్లాడాలి. విషయం అంతటితో తేలకపోతే వాడుకరులందరూ చర్చించుకునే రచ్చబండ పేజీలో పెట్టాలి, వ్యక్తిగత దూషణ అయితే నేరుగా వికీ నిర్వాహకులకు చెప్పాలి.

మూడు నెలలయ్యాక పట్టికను మళ్లీ తెరిచి, ఎన్ని వ్యాసాలు నిలిచాయి, ఎన్నింటికి బయటివారు ఏదైనా చేర్చారు, ఆ రోజు వచ్చిన పన్నెండు మందిలో ఎందరు ఇంకా దిద్దుతున్నారు అన్నది రాసుకోవాలి. పోయినసారి మా లెక్కలో ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురిలో ఒకరు ఏవీఎన్ కాలేజీ ప్రశ్నకు జవాబుగా మూడు పుటల ఫొటోలు, ముఖపత్రంతో సహా, పంపిన అమ్మాయి. ఇప్పుడు కొత్తవారి కాగితాలను సరిచూసే పని ఆమెది.